తొమ్మిదికీ మూడుకీ మధ్య: బరువు తగ్గడం మళ్లీ మొదలుపెట్టిన ఒక టీచరు గారి కేసు

రాజమండ్రిలో పదహారేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. పేరూ ఊరూ రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను. ఇందులో నా పొరపాటు ఒకటుంది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

2024 జూన్ 22, శనివారం. బడులు తెరిచి పది రోజులైంది. గోదావరి అవతల ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరు గారు వచ్చారు. వయసు 49. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 78.4 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చూపే లెక్క) 33. మనవాళ్లకి బీఎంఐ 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి, ఆవిడకి 98. బీపీ 136/86. వెంట తెచ్చుకున్న రిపోర్టులో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 6.1, అంటే షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. థైరాయిడ్ ఉందేమోనని ఆవిడ అనుమానం. టీఎస్‌హెచ్ 3.1, మామూలే. ఆ మాట చెప్పగానే ముఖం కాస్త చిన్నబోయింది. థైరాయిడ్ అని తేలితే బాగుండు అనుకుంటూ వచ్చేవాళ్లు నాకు చాలామందే తెలుసు. అలా తేలితే తప్పు తమది కాకుండా పోతుంది కదా.

ఆ రోజు బయట ఇంకో ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఉదయం నుంచి రాత్రి దాకా ఏం తింటారో గబగబా అడిగి, 1,400 కేలరీల చార్టు రాసిచ్చేశాను. ఇడ్లీలు ఎన్ని, అన్నం ఎన్ని గ్రాములు, సాయంత్రం గుప్పెడు శనగలు, రాత్రి రెండు పుల్కాలు, రోజూ నలభై నిమిషాల నడక. చార్టులో తప్పేమీ లేదు. ఆవిడ మర్యాదగా మడిచి పర్సులో పెట్టుకున్నారు. లేచేటప్పుడు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని లేచారు. నేను చూశాను, ఫైల్లో రాసుకోలేదు. "రెండు వారాల్లో వస్తానండి" అన్నారు.

ఏడు వారాలు రాలేదు.

పర్సులో రెండు చార్టులు

ఆగస్టు రెండో శనివారం వచ్చారు, తన కోసం కాదు. వాళ్లాయనకి కొత్తగా షుగరు తేలింది, ఆయన్ని తీసుకొచ్చారు. పేషెంటు కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి తను గోడ పక్కన బల్ల మీద కూర్చున్నారు. ఆయన పని అయ్యాక, "మరి మీ సంగతేంటి టీచరు గారూ?" అన్నాను.

"నాదేముందిలెండి. ముందు ఈయనది చూడండి."

ఆయనకి ఫోన్ వచ్చి బయటికి వెళ్లారు. అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి, "వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం అండి. అది అయ్యాక మొదలుపెడతాను" అన్నారు. నేనేమీ అనలేదు. ఆవిడే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టారు. వ్రతం తర్వాత వినాయక చవితి, తర్వాత దసరా, దీపావళి, కార్తీక మాసం వనభోజనాలు, సంక్రాంతి. ఉగాది దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వొచ్చింది. అప్పుడే పర్సు తెరిచారు. జూన్‌లో నేనిచ్చిన చార్టు మడత విప్పకుండా అలాగే ఉంది. దాని కింద ఇంకో కాగితం, అంచులు నలిగి, నూనె మరకలతో.

"ఇది 2018దండి. మీదానికన్నా పది రెట్లు కఠినం. చేశాను."

ఆ ఏడాది మన జిల్లాల్లో నడిచిన ఊపు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంటింటా కొబ్బరినూనె సీసాలు, నిమ్మకాయ నీళ్లు, అన్నం పూర్తిగా బంద్. ఈవిడ నాలుగున్నర నెలల్లో 76 నుంచి 64 కిలోలకి వచ్చారు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకి వెళ్లారు. గాలిగోపురం దగ్గర ఫోటో తీయించుకున్నారు. ఆడపడుచు కూతురి పెళ్లిలో ఒక పూట పులిహోర, బొబ్బట్లు తిన్నారు. మర్నాడు 'ఎలాగూ పోయింది కదా' అనిపించిందట. మళ్లీ ఆ చార్టు ముట్టుకోలేదు. 2020 లాక్‌డౌన్ అయ్యేసరికి పోయిన పన్నెండు కిలోలూ తిరిగొచ్చాయి, పైన రెండు వడ్డీ. ఆ తర్వాత ఐదు ప్రయత్నాలు. జిమ్‌కి ఆరు నెలల ఫీజు కట్టి పదకొండు రోజులు వెళ్లారు. భోజనం బదులు తాగే పౌడరు డబ్బాలు రెండు కొన్నారు, ఒకటి ఇంకా సీలు తీయకుండా ఉందట. ఫోన్లో కేలరీల యాప్ పెట్టుకుంటే దాంట్లో గోంగూర పప్పు కనపడక విసిగిపోయారు. మిగతావి చెప్పడానికి కూడా ఇష్టపడలేదు.

గాలిగోపురం ఫోటో మాత్రం బీరువా తలుపు లోపలి అద్దానికి అంటించి ఉంది, మోటివేషన్ కోసమని. రోజూ చీర తీసుకునేటప్పుడు కనిపిస్తుంది.

"చూస్తే ఏమనిపిస్తుంది?" అని అడిగాను.

కొంచెంసేపు మాట్లాడలేదు. "ఆవిడెవరో అనిపిస్తుందండి. నన్ను చూసి నవ్వుతున్నట్టుంటుంది."

అప్పుడు ఒక ప్రశ్న వేశాను. బరువు తగ్గడం మీకు ఎంత ముఖ్యం, పదికి ఎంత వేస్తారు? వెంటనే తొమ్మిది అన్నారు. మళ్లీ మొదలుపెడితే నిలబెట్టగలననే నమ్మకం, పదికి? నేల చూసి, మూడు అన్నారు.

జూన్‌లో నేను ఆ తొమ్మిదిని ఇంకా పైకి తోసే పని చేశాను. షుగరు వస్తుంది, మోకాళ్లు అరుగుతాయి, అని అరగంట చెప్పాను. సైన్సు టీచరుకి ఇన్సులిన్ గురించి పాఠం చెప్పాను. ఆవిడకి తక్కువైంది నమ్మకం. నడివయసులో మళ్లీ మొదలుపెట్టేవాళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువమంది పరిస్థితి ఇదే. మొదటిసారి తగ్గేవాళ్లకి ఓటమి అనుభవం ఉండదు. వీళ్లు ఒకసారి గెలిచి, అందరి కళ్ల ముందు పోగొట్టుకున్నవాళ్లు. ఇంట్లో, బడిలో, పెళ్లిళ్లలో 'మళ్లీ లావయ్యారే' అనే మాట పడ్డవాళ్లు. మోటివేషన్ లేదు అని వాళ్లే అంటారు. నిజానికి మళ్లీ అందరి ముందు ఓడిపోవడానికి సిద్ధంగా ఉండరు.

ఈ రకం సంభాషణకి ఒక పద్ధతి ఉంది. తాగుడు మానాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లతో ఎలా మాట్లాడాలో అమెరికన్ సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో రాసినదాంతో అది మొదలైంది. దాంట్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన కిటుకు ఒకటి. నమ్మకం మూడు అన్నవాళ్లని 'పది ఎందుకు లేదు' అని అడక్కూడదు. 'సున్నా ఎందుకు కాదు' అని అడగాలి. మొదటి ప్రశ్నకి సాకులు వస్తాయి. రెండోదానికి వాళ్లకే తెలియని బలం ఏదో బయటికొస్తుంది.

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. "టీలో చక్కెర అండి. అది 2018లో మానేశాను. ఇప్పటికీ వేసుకోను."

ఎలా మానేశారు? మిగతావన్నీ ఒక్క రోజులో మానేశారట. టీ మాత్రం రెండు చెంచాల నుంచి ఒకటిన్నర, పదిహేను రోజులకి ఒకటి, తర్వాత అర, అలా రెండు నెలలు పట్టింది. ఒక్కసారిగా మానినవి ఒక్కటీ మిగల్లేదు. మెల్లగా మానింది ఆరేళ్లు నిలిచింది. ఇది నేను చెప్పలేదు. వేళ్ల మీద లెక్కపెట్టి ఆవిడే చెప్పి, చెప్పాక తనే ఆశ్చర్యపోయారు.

బద్ధకం అనుకున్నది

వాళ్లాయన ఇంకా ఫోన్లోనే ఉన్నారు. లేవబోతూ, "అసలు నాకు బద్ధకం బాగా పెరిగిపోయిందండి" అన్నారు. స్కూటీ దిగి ఇంట్లోకి రాగానే చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో పడిపోతారట. పదో తరగతి గది మేడ మీద ఉంది, ఎక్కగానే దడ, రెండు నిమిషాలు బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తున్నట్టు నిలబడతారట, పిల్లలకి తెలియకుండా.

ఈసారి వదల్లేదు. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. "మట్టి, బలపం, బియ్యం లాంటివి తినాలనిపిస్తుందా?" అంటే సిగ్గుపడుతూ నవ్వారు. బియ్యం ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకోవడం ఏడాదిగా అలవాటైందట. పీరియడ్స్ అడిగాను. మూడు వారాలకోసారి, తొమ్మిది పది రోజులు, గడ్డలు గడ్డలుగా. "ఈ వయసులో మామూలే కదండీ, ఆగిపోయే ముందు అలాగే ఉంటుందన్నారు అందరూ."

పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6. ఆడవాళ్లకి 12 ఉండాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఈ అంకెని నేను వర్క్‌షాపుల్లో చాలాసార్లు స్లైడ్ మీద వేశాను. నా ఎదురుగా కూర్చున్న మనిషిని మాత్రం జూన్‌లో అడగలేదు. తొమ్మిది పాయింట్ల రక్తంతో ఉన్న మనిషికి రోజూ నలభై నిమిషాల నడక రాసిచ్చాను. ఆవిడ నడవలేకపోయి, 'నాకు పట్టుదల లేదు' అనుకున్నారు.

గైనకాలజిస్టు దగ్గరికి పంపించాను. స్కానింగ్‌లో గర్భాశయంలో చిన్న ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని గడ్డలు) కనిపించాయి. భయపడాల్సిందేమీ లేదన్నారు. బ్లీడింగ్ తగ్గడానికి మందులు, ఐరన్ మాత్రలు ఇచ్చారు. నా వంతుగా చెప్పింది ఒక్కటే, మాత్రకీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి, మాత్రతో పాటు కాసిని నిమ్మకాయ నీళ్లు తాగితే మంచిది. ఐరన్ వేసుకుంటే మలం నల్లగా వస్తుందని కూడా ముందే చెప్పాను. చెప్పకపోతే నాలుగో రోజు భయపడి మానేస్తారు.

ఇంకో సంగతి. ఐరన్ లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. అందుకని గ్లూకోజ్ తాగించి పరీక్ష చేయించాం. పరగడుపున 108, రెండు గంటల తర్వాత 146. షుగరు ఇంకా రాలేదు, దారిలో ఉంది.

ఆ ఆగస్టు పరీక్షలప్పుడు తూకం 79.1 చూపించింది, నడుము 99. ఆరు వారాల పాటు తిండి మార్పుల జోలికి వెళ్లొద్దని నిర్ణయించుకున్నాం. ఐరన్ మాత్ర, ఒక కుర్చీ, అంతే. ఫోటో కూడా అద్దం మీద నుంచి తీసి ఆల్బమ్‌లో పెట్టేయమన్నాను. ఈ విషయంలో నా తోటి డైటీషియన్లు కొందరు ఒప్పుకోరు. పాత ఫోటో మంచి ప్రేరణ అంటారు. మొదటిసారి తగ్గేవాళ్లకి ఏమో గానీ, ఒకసారి తగ్గి మళ్లీ పెరిగినవాళ్లకి అది రోజూ ఉదయాన్నే పడే చీవాటు. ఫోటో తీసేశానని ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కుర్చీ

చేతులు గుండెకి అడ్డంగా కట్టుకుని, ముప్ఫై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరు అని ఒక పరీక్ష ఉంది. పెద్దవాళ్ల కాళ్ల బలం చూడటానికి వాడతారు. అరవై నుంచి అరవై నాలుగేళ్ల ఆడవాళ్లకి పన్నెండు కన్నా తక్కువైతే బలం తక్కువ అని లెక్క. 49 ఏళ్ల మా టీచరు గారు ఎనిమిది చేశారు. తొమ్మిదోసారి సగం లేచి కూలబడ్డారు.

"ఇంత ఘోరమా!" అన్నారు. కానీ ఆ మాటలో తూకం చూసినప్పటి నీరసం లేదు. ఎందుకంటే ఈ అంకె గతంలో ఎప్పుడూ కొలవలేదు. 2018లో ఎంత ఉందో తెలియదు. పోల్చుకోవడానికి పాత టీచరు గారు లేరు.

రోజూ ఉదయం స్టవ్ మీద పాలు పెట్టి అవి పొంగేలోగా డైనింగ్ కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవాలి. మూడు వారాలకి ముప్ఫై సెకన్లలో పదకొండు వచ్చింది. బరువు అప్పటికి 78.9, కదిలిందనే చెప్పలేం. అయినా ఆ రోజు నా గదిలోకి వచ్చిన మనిషి నడకే వేరుగా ఉంది. హిమోగ్లోబిన్ ఎక్కడం మొదలైంది కాబట్టి కొంత దానివల్ల కూడా కావచ్చు. ఏది ఎంతో విడదీసి చెప్పలేను, ఆవిడకి ఆ అవసరమూ లేదు.

తూకం కదలని వారాల్లో ఇంకో మాట కూడా చెప్పేదాన్ని. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, షుగరు గుమ్మంలో ఉన్నవాళ్లు బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు కదలడం లక్ష్యంగా పెట్టుకుంటే షుగరు వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మనవాళ్ల మీద ఇలాంటిదే చేసి 2006లో ఫలితాలు ఇచ్చింది. అక్కడ ప్రమాదం 28.5 శాతం తగ్గింది. విశేషమేమిటంటే మనవాళ్లలో బరువు పెద్దగా తగ్గకుండానే ఆ లాభం వచ్చింది. సైన్సు టీచరు కదా, ఆ రెండు అంకెలూ తన డైరీలో రాసుకున్నారు.

ఆవిడకున్న ఇంకో అపోహ, నలభై దాటగానే మెటబాలిజం పడిపోతుందని. అమెరికన్ శాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం 2021లో ఆరు వేల నాలుగు వందల మందికి పైగా లెక్కలు పరిశీలించింది. పసిపిల్లల నుంచి తొంభై అయిదేళ్ల వాళ్ల దాకా ఉన్నారు అందులో. శరీరం సైజు, కండ లెక్కలోకి తీసుకుంటే ఇరవై నుంచి అరవై ఏళ్ల దాకా ఒంటి ఖర్చు దాదాపు ఒకేలా ఉంది. మరి నడివయసులో మారేదేమిటి? కండ కరుగుతుంది, కదలిక తగ్గుతుంది, పీరియడ్స్ ఆగే ముందు ఒంట్లో ఆవిర్లతో నిద్ర చెడుతుంది, ఈస్ట్రోజెన్ తగ్గేకొద్దీ తొడల దగ్గర చేరే కొవ్వు పొట్టకి చేరుతుంది. దానికి తోడు ఒకసారి గట్టిగా బరువు తగ్గినవాళ్లకి ఆకలి ఎక్కువవుతుంది, ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. 2018 బరువు తిరిగి రావడంలో మీ చేతకానితనం ఎంతో, ఒంటి పొదుపు కూడా అంతే అని చెబితే, "ఈ ముక్క అప్పుడెవరూ చెప్పలేదండి" అన్నారు.

జంతికల డబ్బా

ఇది ఆవిడ నాలుగోసారి వచ్చినప్పుడు గానీ బయటపడలేదు. ఏం తింటారంటే ఎప్పుడూ రాత్రి తొమ్మిదిన్నర పెరుగన్నంతో ముగించేసేవారు. ఆ రోజు ఎందుకో, "తర్వాత ఇంకోటుందండి" అన్నారు.

రాత్రి పదీ ముప్పావు. అత్తగారు పడుకుంటారు, ఈయన పడుకుంటారు. గిన్నెలు సర్ది, ప్లాట్‌ఫామ్ తుడిచి, వంటింట్లో లైటు తీసేసి, ఫ్రిజ్ పక్కన నిలబడి స్టీలు డబ్బా మూత చప్పుడు కాకుండా తీస్తారు. జంతికలు, లేకపోతే చెగోడీలు. చీకట్లో, నిలబడి, ఫోన్ చూస్తూ. ఎన్ని తింటారో తెలియదు. "రోజంతటిలో ఎవరూ నన్ను పిలవని టైము అదొక్కటేనండి."

పదిహేనేళ్ల క్రితమైతే ఆ డబ్బా పనిమనిషికి ఇచ్చేయమని చెప్పేదాన్ని. ఆ పావుగంట పోతే ఈ మనిషికి ఇంకేమీ మిగలదని ఇప్పుడు తెలుసు. అందుకని డబ్బా అక్కడే ఉండనిచ్చాం. మూడు మార్పులు మాత్రం చేశాం. లైటు వెయ్యాలి. ప్లేట్లో పెట్టుకోవాలి. కూర్చోవాలి. ఎన్నయినా తినొచ్చు.

మొదటి వారం ఎప్పటిలాగే తిన్నారు. రెండో వారం, లైటు కింద ప్లేట్లో చూస్తే అవి మెత్తబడి, నూనె వాసన వస్తున్నాయని గమనించారు. నిలబడి చీకట్లో తిన్నన్నాళ్లూ తెలియలేదట. తర్వాత కొన్ని రాత్రులు నాలుగు, కొన్ని రాత్రులు ప్లేటు నిండా. నెలన్నరకి డబ్బా బదులు వరండాలో కుర్చీ వేసుకుని విశాఖలో ఉన్న అక్కతో మాట్లాడటం మొదలైంది. అన్ని రోజులూ కాదు. పదో తరగతి పేపర్లు దిద్దే రోజుల్లో మళ్లీ డబ్బానే. నేను దాన్ని ఓటమి కింద రాసుకోలేదు.

నూనె క్యాను, అత్తయ్య గారు

వంట అత్తయ్య గారిది. డెబ్భై ఆరేళ్లు, చేతి వాటం ఎవరూ మార్చలేరు. వేపుడంటే వేపుడే. ఆవిడకి కేలరీల గురించి చెప్పి లాభం లేదు. అందుకని తిండి లెక్క మానేసి నూనె లెక్క వేశాం. ఇంట్లో ముగ్గురు. నెలకి నాలుగు లీటర్లు. లీటరు సుమారు 910 గ్రాములు, అంటే మనిషికి రోజుకి నలభై గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకి 2,000 కేలరీల భోజనానికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు చాలంది. తేడా 13 గ్రాములు, దాదాపు 120 కేలరీలు, ప్లేట్లో ఏమీ తగ్గినట్టు కనిపించకుండానే.

టీ చక్కెర పద్ధతే ఇక్కడా. క్యాన్లోంచి నేరుగా వంచకుండా వారానికి సరిపడా నూనె ఒక సీసాలో పోసి స్టవ్ పక్కన పెట్టారు. మొదటి నెల మూడున్నర లీటర్లు. అత్తయ్య గారికి తెలియలేదు. రెండో నెల మూడుంపావు. అప్పుడు తెలిసింది. "ఏంటమ్మా, నూనె అయిపోయిందా, కొనడానికి డబ్బుల్లేవా?" అని అడిగారట. కొడుక్కి షుగరని చెబితే, మర్నాటి నుంచి ఆవిడే సీసాని కాపలా కాశారు. కోడలి బరువు కోసం మారని చెయ్యి కొడుకు షుగరు కోసం మారింది. ఇది చెబుతూ టీచరు గారు నవ్వారు గానీ, నాకు పూర్తిగా నవ్వు రాలేదు. డిసెంబరుకి మూడు లీటర్ల దగ్గర ఆగింది. అంతకన్నా తగ్గించలేదు.

మిగతా మార్పులు పెద్ద కథ కాదు. ఉదయం ఇడ్లీల బదులు వారానికి మూడు రోజులు పెసరట్టు, ఉప్మా లేకుండా. మధ్యాహ్నం బాక్సులో ముందు కూరా పప్పూ పెట్టుకుని మిగిలిన చోట అన్నం. గుడ్డు ఒకటి. మిగిలిపోయింది పారేయలేక తినడం మానడానికి మాత్రం చాలా కష్టపడ్డారు, ఇప్పటికీ పూర్తిగా మానలేదు. నవంబరులో హిమోగ్లోబిన్ 11.2కి వచ్చాక నడక మొదలైంది, సాయంత్రం గోదావరి గట్టు మీద, ఆయనతో. ఆయన ముందు నడుస్తారు, ఈవిడ వెనక. మొదటి వారమే గొడవ. ఇప్పుడు ఇద్దరూ చెరో వైపు నుంచి బయల్దేరి మధ్యలో కలుసుకుని కలిసి ఇంటికి వస్తారు.

పద్దెనిమిది రోజులు

నవంబరులో 76.6. జనవరి మొదటి వారంలో 75.1, అంటే మొదలుపెట్టిన దగ్గర నుంచి అయిదు శాతం. 2018లో ఆవిడ పడిపోయింది తిండి దగ్గర కాదు, ఒక పూట తిన్న మర్నాడు. అందుకని డిసెంబరులోనే దీని గురించి మాట్లాడుకున్నాం. తప్పుతుంది, సంక్రాంతికి ఖాయంగా తప్పుతుంది. తప్పాక మొదటి రోజు ఏం చేస్తారు? ఆవిడ పర్సులోంచి నేను జూన్‌లో ఇచ్చిన చార్టు తీసి, వెనక్కి తిప్పి, తన చేత్తో రాశారు: 'కుర్చీ పదిసార్లు. ఇంకేం వద్దు.'

పండగకి కొడుకు బెంగళూరు నుంచి, కూతురు హాస్టల్ నుంచి వచ్చారు. అరిసెలు, సున్నుండలు, ఆడపడుచుల రాకపోకలు. కనుమ నాడు నాకు మెసేజ్ వచ్చింది: 'అరిసెలు మొత్తం 11. ఇంకా పండగ అవ్వలేదు.' తర్వాత అత్తయ్య గారికి జ్వరం, బడిలో పదో తరగతి స్పెషల్ క్లాసులు. ఫిబ్రవరి రెండో శనివారం వచ్చినప్పుడు 76.7. ఒకటిన్నర కిలో పైనే పెరిగారు.

"ఎప్పటి నుంచి ఆగిపోయింది?" అన్నాను. సంక్రాంతి నుంచి. "మళ్లీ ఎప్పుడు మొదలైంది?" ఫిబ్రవరి ఒకటి. శనివారం, ఉదయం పాలు పెట్టి కుర్చీ. ఏ పండగా కాదు, సోమవారం కూడా కాదు, నేను ఫోన్ చేయలేదు. మధ్యలో ఖాళీ పద్దెనిమిది రోజులు. 2018లో ఇదే ఖాళీ ఆరేళ్లు సాగింది. ఆ రోజు తూకం అంకె పక్కన 18 అని రాసి గుండ్రం చుట్టాను. ఫైలు మొత్తంలో నాకు బాగా నచ్చిన అంకె అదే.

నమ్మకం పదికి ఎంత అని మళ్లీ అడిగాను. "ఆరండి" అన్నారు. ముఖ్యం ఎంత? "ఎనిమిది." అది ఒక పాయింటు తగ్గిందేమిటి అంటే, "అంత టెన్షన్ లేదండి ఇప్పుడు" అన్నారు.

ఇంజెక్షన్ గురించి

బరువు తగ్గించే ఇంజెక్షన్లు, 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ, మన దేశంలోకి వచ్చాయి. జూన్‌లో బడులు తెరిచాక వచ్చి, "మా స్టాఫ్‌లో ఒకావిడ అడగమన్నారండి" అని మొదలుపెట్టారు. ఎవరి కోసమో అర్థమైంది. ఆ మందులు బాగానే పనిచేస్తాయి, అవి వాడటం మోసమూ కాదు, బలహీనతా కాదు. వేసుకోవాలా వద్దా అనేది ఫిజీషియన్ చూసి చెప్పాలి, మందుల షాపులో అడిగి కొనేది కాదు. ఆపేశాక చాలామందికి బరువు తిరిగి వస్తుంది. తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది కాబట్టి కుర్చీ, గుడ్డు, పప్పు అప్పుడూ తప్పవు. ఇవన్నీ చెప్పి ఫిజీషియన్‌కి చీటీ రాసిచ్చాను. ఆయనతో మాట్లాడి వచ్చి, ఏడాది చూసి ఆలోచిస్తానన్నారు. ఆ రోజు తూకం 73.8. తగ్గుతోంది కాబట్టి తొందర లేదన్నారు. తగ్గకపోయి ఉంటే నేనే గుర్తుచేసేదాన్ని.

ఇప్పుడు

2025 ఆగస్టు లెక్క: బరువు 71.9 కిలోలు, ఏడాదిలో 7.2 తగ్గారు. నడుము 91, పరగడుపు షుగరు 98, బీపీ 126/80, హిమోగ్లోబిన్ 12.1. కుర్చీ పరీక్ష పదిహేను. బీఎంఐ ఇంకా 30 పైనే ఉంది. 2018 నాటి 64 చాలా దూరం. దాని గురించి ఆవిడ ఈ మధ్య ఎత్తడం లేదు. బరువు ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగడుక్కీ సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుంది. ఎడమ మోకాలి నొప్పి మాత్రలు మానేశారు, కుడిది అప్పుడప్పుడు పలకరిస్తోంది.

ఆగస్టు 8న మళ్లీ వరలక్ష్మీ వ్రతం వచ్చింది. మర్నాడు రెండో శనివారం వచ్చి, బరువు చూడకముందే చెప్పారు. క్రితం ఏడాది పూజ అయ్యాక పీట మీద నుంచి లేవలేక సోఫా చెయ్యి పట్టుకుని, కూతురు ఇంకో చెయ్యి లాగితే లేచారట. పేరంటాళ్లంతా చూస్తుండగా. ఆ సంగతి నాకు అప్పుడు చెప్పలేదు. "ఈసారి సోఫా పట్టుకోలేదండి. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని లేచాను. అదొక్కటే."

"ఎవరైనా గమనించారా?"

"ఎవరూ చూడలేదు. తాంబూలాలు పంచుతున్నారు."

పీరియడ్స్ ఇంకా పూర్తిగా ఆగలేదు, బ్లీడింగ్ అప్పుడప్పుడు ఎక్కువవుతోంది. మూడు నెలలకి హిమోగ్లోబిన్ మళ్లీ చూడాలి. తర్వాత అపాయింట్‌మెంట్ నవంబరు రెండో శనివారం, కార్తీక వనభోజనాలు అయ్యాక. ఆ తారీకు ఆవిడే ఎంచుకున్నారు.